ఇరవై మూడో గంట నెత్తురు

6188వ రోజు, మొదటి షిఫ్ట్

పొద్దున సైరన్ మోగింది, మిషన్ లేచింది. మహారాణి. రోజుకు ఒక్క గంటే దానికి కరెంటు ఇస్తారు. నిన్న పొద్దున సైరన్ నుంచి ఇవాళ పొద్దున సైరన్ దాకా భూమి కింద ఈ మూడో లెవెల్లో పుట్టిన పిల్లలందరికీ ఆ గంటలోనే నెత్తురు తీయాలి. ఇవాళ ఇద్దరు.

మడమకు వేడి గుడ్డ చుట్టాలి. పక్క నుంచి గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్క మిషన్‌లో పెట్టే పట్టీ మీదికి రానివ్వాలి. పిసకకూడదు. పిసికితే ఒంట్లో నీరు కలిసి, రోగం ఎంతుందో చెప్పే అంకె అబద్ధమాడుతుంది. అలా పిసికిన పట్టీ చెల్లదు, మళ్లీ కొత్త పట్టీ ఇవ్వాలి. పట్టీలు మిగిలిందే పద్నాలుగు. ఈ పదిహేడేళ్లలో నేను ఒక్క మడమ పిసకలేదు. గొప్పకే రాస్తున్నాను, ఎవరికైనా కడుపు మండితే మండనివ్వండి.

మొదటి బిడ్డకు 0.6. తల్లి అప్పటికప్పుడే రొమ్ము అందించింది. అంకె వచ్చేదాకా పాలివ్వకూడదు, పేరు పెట్టకూడదు, చక్కెర నీళ్లు మాత్రమే.

రెండో బిడ్డకు 2.2. గీత రెండు. అది దాటితే పై గదికే.

గుచ్చిన చేతులే మోయాలని మా కట్టుబాటు. మూడు వందల పన్నెండు మెట్లు ఎక్కి, రాతి అరుగు మీద పడుకోబెట్టి, బయటికొచ్చి గడియ వేసి దిగివచ్చాను. షిఫ్ట్‌కో సైరన్, రోజుకు మూడు; మూడు సైరన్లయ్యాక తలుపు తీస్తారు. ఆ గదికీ ఎండకూ మధ్య ఉన్నది ఒక ఇనుప రేకే, కాబట్టి తీసేసరికి అంతా అయిపోయి ఉంటుంది.

ఈ మిషన్ చేసినవాళ్లు ఇందుకోసం చేయలేదట. అంకె ఎక్కితే పిల్లకు మందు సూది వేసేవాళ్లట, పిల్ల బతికేదట. మాకూ తొలి ఏడాది మందు ఉండేది, అయిపోయింది. మిషన్ మిగిలింది.

గీత దండగ అని నాతో ఎవరూ అనరు. జ్వరమున్న పసిగుడ్డు ఒక్కటి నాలుగో లెవెల్లో రెండు వందల పన్నెండు మందిని పట్టుకుపోయింది. ఆ దారికి గోడ కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అవతల మిగిలినవాళ్లు మూడు రోజులు గోడను కొట్టారు. నాలుగో రోజు కొట్టలేదు.

6191వ రోజు, రెండో షిఫ్ట్

మా మంత్రసాని ఐలవ్వ మళ్లీ అదే పని చేసింది. నొప్పులు పడుతున్న పిల్లకు మోకాళ్లు దగ్గరికి చేర్చి చీరముక్కతో కట్టేసింది. ఉమ్మనీరు పోయి ఆరు గంటలైంది. ఆ పిల్ల పళ్లు కొరుకుతూ పడి ఉంది.

"ఇదేం పనే, ఐలవ్వా?" అన్నాను.

"మూడో సైరన్ దాక ఓర్సుకోవాలె. మొదటి షిఫ్ట్ కాన్పు మీది గదికే పోతదని ఎరుకలేనట్టు మాట్లాడవడితివి," అంది.

ఎరుకే. ఈ మాట లెవెల్లో పుట్టి ఐదారేళ్లయింది. పొద్దున సైరన్ తర్వాత పుట్టిన పిల్లలే ఎక్కువగా పైకి పోతున్నారు. ఆ వేళ మంచిది కాదని ఆడవాళ్లు అనుకుంటున్నారు. వేళ పట్టుకుని రోగం వస్తుందా అని నేను నవ్వాను. ఐలవ్వ మూతి ముడిచి ముడి ఇంకాస్త బిగించింది.

మూడో షిఫ్ట్‌లో కనించింది. ముడి విప్పేసరికి తల్లి తొడల మీద చర్మం లేచిపోయి ఉంది.

6192వ రోజు, మొదటి షిఫ్ట్

ఆ బిడ్డకు 0.4. ఐలవ్వ నా వైపు చూసి గడ్డం ఎగరేసింది.

6196వ రోజు, రెండో షిఫ్ట్

0.4 వచ్చిన బిడ్డ చనిపోయింది. మూడో రోజు ఒళ్లు కాలింది, నాలుగో రోజు నీలంగా మారింది. తల్లి ఇవాళ పోయింది. పక్క గదిలో ఇద్దరికి జ్వరం. ఈ ఏడాది ఇలా గీత దాటకుండానే చచ్చిన పిల్లలు ఏడుగురు.

ఓవర్‌మ్యాన్ రాజకొమురయ్య నన్ను పిలిపించాడు. లెవెల్‌కు పెద్ద అతనే. నాకంటే పదేళ్లు చిన్నవాడు, తమ్మీ అనే పిలుస్తాను.

"గీత ఒకటిన్నరకు దించుతున్న, అక్కా. జల్లెడ సన్నగ లేకనే రోగం జారిపోతున్నది," అన్నాడు.

నేనూ సరే అన్నాను. ఇది రాసి పెట్టుకోవాలి. సరే అన్నది నేనే.

6199వ రోజు, మూడో షిఫ్ట్

నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి లెవెల్ రిజిస్టర్. అందులో బిడ్డ ఏ షిఫ్ట్‌లో పుట్టిందో, అంకె ఎంతో, అంతే రాయాలి. ఎండ కనబడని చోట గంటలతో ఎవరికీ పని లేదు, అందరం సైరన్లతోనే బతుకుతాం. రెండోది నా సొంతం. పోయిన మా ఆయన గడియారం ఇప్పటికీ నడుస్తోంది, అది చూసి పుట్టిన గంటా నిమిషమూ రాసుకుంటాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను, ముసలిదాని పిచ్చి.

ఇవాళ జ్వరంతో పోయిన ఏడుగురిని నా పుస్తకంలో వెతికాను. ఏడుగురూ మూడో షిఫ్ట్ పిల్లలే. ఏడుగురి తల్లులకూ ఐలవ్వ మోకాళ్లు కట్టింది. నెత్తురు తీసేనాటికి ఒక్కరికీ ఎనిమిది గంటల వయసు లేదు. నీరు పోయాక గంటల తరబడి ఆపితే లోపల చీము పట్టదా? పట్టింది. పట్టిన రోగం అంకెలోకి ఎక్కడానికి పూట పడుతుంది. నేను పూట తిరక్కుండానే గుచ్చి, మంచి బిడ్డ అని తల్లి ఒళ్లో పెట్టాను.

తర్వాత ఇప్పటిదాకా పై గదికి పోయిన పంతొమ్మిది మందిని తీశాను. అందరూ మొదటి షిఫ్ట్ వాళ్లే. నెత్తురు తీసేనాటికి అందరికీ ఇరవై గంటలు, ఇరవై రెండు, ఇరవై మూడు.

తొలి ఏడాది పట్టీలు దండిగా ఉండేవి, ఒక్కో బిడ్డకు మూడు రోజులూ గుచ్చేవాళ్లం. ఆ పేజీలు తీశాను. పుట్టగానే 0.5, మర్నాడు 2.4, మూడో నాడు 0.7. ఇంకొకరికి 0.3, 2.6, 0.9. పేజీ తర్వాత పేజీ అదే ఎక్కడం, అదే దిగడం. మందు వేశాం కాబట్టి దిగిందనుకున్నాం. మందు వేయనివాళ్లకూ అలాగే దిగింది. పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి రోజు ఆ అంకె దానంతటదే ఎక్కుతుంది, ఒక రోజు నిండే వేళకు కొసకు చేరుతుంది, తర్వాత దిగిపోతుంది. అంతే. రోగం కాదు పాడు కాదు.

మళ్లీ ఆ పంతొమ్మిది మంది దగ్గరికి వచ్చాను, పన్నెండో పేరు దగ్గర వేలు ఆగింది. పేరెక్కడిది, పేరు పెట్టలేదు కదా. "స్వరూప బిడ్డ, ఆడ, ఇరవై రెండు గంటలు, 2.3." స్వరూప నా కూతురు. ఆ బిడ్డను గుచ్చింది నేనే, మోసింది నేనే. కూతురు కాళ్లు పట్టుకుంటే విదిలించుకుని మెట్లెక్కాను. సొంత మనవరాలికి కూడా గీత తప్పలేదని లెవెల్ అంతా నన్ను మెచ్చుకుంది. నేను మెప్పు తీసుకున్నాను.

6200వ రోజు, మొదటి షిఫ్ట్

రెండు పుస్తకాలూ రాజకొమురయ్య ముందు పెట్టి వేలితో చూపించాను. లెక్కల్లో గట్టివాడు, సగం పేజీలోనే అర్థమైంది. ముఖం చూస్తే తెలిసింది.

"గా గడియారం నీ మొగనిది. నడిచిందో ఆగిందో ఎవలకెరుక?" అన్నాడు.

"నడిచింది తమ్మీ."

"మీదికి పోయిన నా బిడ్డ గూడ మొదటి షిఫ్టే."

"ఇరవై గంటలు. రెండు పాయింట్ ఒకటి."

"దానికి రోగమే."

"కాదు తమ్మీ. మంచిగనే ఉండె."

"రోగమే అంటున్న గదా!" తలకున్న టోపీ తీసి నేలకేసి కొట్టాడు. టోపీకున్న దీపం పగిలింది. కాసేపటికి వంగి గాజు పెంకులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. నేను పుస్తకాలు తీసుకుని వచ్చేశాను.

6203వ రోజు, మొదటి షిఫ్ట్

ఫ్యాన్ గదిలో పనిచేసే సుగుణకు పొద్దున సైరన్ మోగుతుండగానే నొప్పులు ఎక్కువయ్యాయి. ఐలవ్వ చీరముక్కతో తయారు. సుగుణ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, కట్టుమంటవా, వద్దంటవా? నువ్వెట్ల చెప్తే అట్ల."

"కట్టొద్దు. కను."

"మీదికి పోతదేమో అత్తా."

"పోనియ్య. నా మాట మీద కను బిడ్డా."

ఐలవ్వ చీరముక్క నా మొహాన విసిరి వెళ్లిపోయింది. ఏడు గంటల పది నిమిషాలకు ఆడపిల్ల. బొద్దుగా ఉంది, ఏడుపు లెవెల్ చివరిదాకా వినిపించింది. కాన్పు నేనే చేశాను. పుస్తకంలో గంట రాస్తుంటే సుగుణ నవ్వింది, "ఏం రాస్తున్నవ్ అత్తా, జాతకమా?" అని.

6204వ రోజు, మొదటి షిఫ్ట్

ఇరవై మూడో గంట. 2.7.

వస్తుందని తెలుసు. సుగుణ అంకెను చూసి నన్ను చూసింది.

పై గది విషయంలో తీర్పు ఓవర్‌మ్యాన్‌ది కాదు. అక్కడికి బిడ్డను పంపిన తల్లులకే ఆ హక్కు. నేను సభ కోరాను. ఇలా కోరడం ఇదే మొదటిసారి. పంతొమ్మిది మంది తల్లుల్లో ఇద్దరు ఇప్పుడు లేరు, పదిహేడు మంది వచ్చి గోడ వెంట కూర్చున్నారు. రాజకొమురయ్య భార్య ఉంది. పదహారు రోజుల కింద బిడ్డను పోగొట్టుకున్న పిల్ల ఉంది, రవిక ఇంకా పాలతో తడిసే ఉంది. చివర స్వరూప. అందరి తలల మీదా దీపాలు. దీపం వెలిగితే బిడ్డ కిందే ఉంటుంది. ఆర్పితే పైకి.

నేను లేచి అంతా చెప్పాను. గంటలు చదివాను, అంకెలు చదివాను. ఆగకుండా చదివాను.

"మీ పిల్లలకు రోగం లేదు. పంతొమ్మిది మంది మంచిగున్న పిల్లలే. నేను సంపిన, గీ చేతులతోని. ఇగ ఇరవయ్యో దాన్ని సంపుమనకుండ్రి," అన్నాను.

ఎవరూ ఏడవలేదు. రాజకొమురయ్య భార్య చెయ్యి పైకెత్తి దీపం ఆర్పింది. దాని పక్కామె ఆర్పింది. పాల రవిక పిల్ల నా వైపే చూస్తూ ఆర్పింది.

అప్పుడు బుద్ధికి ఎక్కింది నాకు. నేను చదివిన ఒక్కో గంటా సుగుణ బిడ్డను ఒక్కో మెట్టు పైకెక్కించింది. ఈ బిడ్డ బతికితే వాళ్ల బిడ్డలు ఊరికే చచ్చినట్టు. దాన్ని మోసుకుంటూ రేపటి నుంచి ఎలా బతకాలి వాళ్లు? సత్యం చెబుతున్నాననుకుని వాళ్ల గొంతు మీద కాలు పెట్టాను. పొద్దున్నే ఈ లెక్కలు ఎత్తకుండా "మడమ పిసికిన, పట్టీ చెల్లదు" అని ఉంటే చాలు. కొత్త పట్టీ ఇచ్చేవాళ్లు, రేపటికో ఎల్లుండికో అంకె దిగేది. ఆ మాట నా తలలోకే రాలేదు. పదిహేడేళ్ల పొగరు రానివ్వలేదు.

"ఆగుండ్రి, ఆగుండ్రి. ఇయ్యాల మడమ పిసికిన. చెయ్యి వణికింది, పిసికిన," అని అరిచాను.

"పదిహేడేండ్లల్ల పిసకనిదానివి ఇయ్యాలనే పిసికినవా?" అంది రాజకొమురయ్య భార్య. నవ్వింది కూడా.

చివరికి ఒక్క దీపమే మిగిలింది, స్వరూపది. ఒక్క దీపంతో బిడ్డ ఆగదు, అయినా నేను ఆ దీపాన్నే చూస్తూ నిలబడ్డాను. నా కూతురు నన్ను చాలాసేపు చూసింది. ఆర్పేసింది.

6204వ రోజు, రెండో షిఫ్ట్

మోయాల్సింది నేనే కదా. మోశాను.

మెట్ల దగ్గర సుగుణ అడ్డం వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టాల్సింది. కొంగు చాటు నుంచి చిన్న స్టీలు గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. పిండిన పాలు. "ఆకలితోనన్న పోనియ్యకు అత్తా," అంది.

నా సంచిలో నీళ్ల డబ్బా, పాత చీర, మిషన్, దొంగిలించిన పట్టీ ఒకటి. ఆ పట్టీ ఇంకెవరి బిడ్డదో. ఉండనీ.

రాజకొమురయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను బిడ్డను అరుగు మీద పెట్టలేదు. నేల మీద కూర్చుని తలుపు లోపలి నుంచి లాగాను.

"అక్కా, పిచ్చిలేసిందా? బయటికి రా."

"గడియ వెయ్యి తమ్మీ. లోపల ఎవరుండొద్దని కట్టుబాట్ల లేదు."

గడియ పడింది.

6205వ రోజు, షిఫ్ట్ తెలియదు

ఇక్కడికి సైరన్ వినిపించదు. గడియారం చూసి రాస్తున్నాను.

ఇన్నేళ్లు ఈ గదిలో ఇరవై అడుగులు మించి నడవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను. అరుగు మీద రాయి నున్నగా ఉంది. పసిపిల్లలు కాళ్లు కొట్టుకుంటారు.

రేకు వేడికి నా పెదాలు పగిలాయి. చీర తడిపి బిడ్డకు చుడుతున్నాను, అది ఆరుతోంది, మళ్లీ తడుపుతున్నాను. కాగితంతో విసురుతున్నాను. వేలు పాలలో ముంచి నోట్లో పెడితే పీలుస్తోంది, అబ్బో, వేలు ఊడబీకేలా పీలుస్తోంది. పాలు విరిగేలోపు తాగించాలని తాగించేశాను. తర్వాత నీటి చుక్కలే. నేను తాగడం మానేశాను. నీళ్లు దానికే సరిపోవు.

రెండుసార్లు బిడ్డ ఏడుపు ఆపింది. రెండుసార్లూ మడమ గిల్లాను. ఎన్ని మడమలు గుచ్చినా ఏడుపు వినిపిస్తే ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట. యాభై నాలుగో గంట. గుడ్డ చుట్టి, గుచ్చి, మొదటి చుక్క తుడిచి, రెండో చుక్క పెట్టాను. మిషన్‌లో మిగిలిన కరెంటు ఆ ఒక్క పరీక్షకే సరిపోయింది. అంకె చూపించి ఆరిపోయింది.

0.8.

తలుపు దగ్గరికి పాక్కుంటూ వెళ్లి కొట్టాను. ఎవరైనా ఉన్నారా అని అరిచాను.

"ఉన్న," అంది స్వరూప. ఎప్పటి నుంచి అక్కడ కూర్చుందో తెలియదు.

"బిడ్డా, అంకె వచ్చింది. చెప్తున్న విను."

"చెప్పకే అవ్వా."

"సున్నా పాయింట్..."

"చెప్పకన్న గదనే!" తలుపును అటు నుంచి కాలితో తన్నింది. రేకు మోగి బిడ్డ ఉలిక్కిపడింది.

నేను చెప్పాను. గడియ తీయమని అడగలేదు నేను. తీయమని అడిగే ముఖం నాకు లేదు.

6205వ రోజు, రెండో షిఫ్ట్

గడియ పడ్డప్పటి నుంచి మూడో సైరన్ అయింది, తలుపు తీశారు. శవాన్ని దించడానికి ఇద్దరు చాలు, కానీ పదిహేడు మందీ వచ్చారు. రాజకొమురయ్య గుడ్డ పట్టుకొచ్చాడు.

నా ఒళ్లో బిడ్డ దీపాల వెలుగుకు మొహం చిట్లించి గుక్కపట్టి ఏడ్చింది.

ఒక్కరూ చెయ్యి చాచలేదు. పాల రవిక పిల్ల రెండు అడుగులు వెనక్కి వేసింది. రాజకొమురయ్య భార్య, "ఇంకో సైరన్ ఉంచాలె," అంది, నెమ్మదిగానే అంది. ఆ మాట ఎవరూ కాదనలేదు. వాళ్లను తోసుకుంటూ సుగుణ వచ్చింది, బిడ్డను నా ఒళ్లోంచి లాక్కుని అక్కడే మెట్టు మీద కూలబడి రొమ్ము నోట్లో పెట్టింది. బిడ్డను లాక్కోవడానికి రాజకొమురయ్య ముందుకు వెళ్లాడు, అది గుటకలు వేస్తుంటే చూసి ఆగిపోయాడు. చేతిలో గుడ్డ కిందపడింది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఒకరి వెనక ఒకరు తల్లులందరూ దిగిపోయారు.

స్వరూప ఉండిపోయింది. నా నోట్లో నీళ్లు పోసింది. కొంగుతో మొహం తుడిచింది. బతికించావే అవ్వా అంటుందేమోనని ఎదురు చూశాను, సిగ్గులేనిదాన్ని.

"దీని కోసం మూడు సైరన్లు కూసున్నవ్," అంది. "నా బిడ్డ దగ్గర ఒక్క గడియన్న కూసోకపోతివి."

ఆ రోజు ఇక్కడి నుంచి దిగి వెళ్లి ఏం చేశానో నాకు బాగా గుర్తుంది. మర్నాటి పిల్లల కోసం సూదులు ఉడకబెట్టాను.